మైల పట్టిన పది రోజులు

మా వదినమ్మ కడుపులో గడ్డ రెండేళ్ళు పెరిగింది. ఆ రెండేళ్ళూ నేను ఆమె చేతి అన్నమే తిన్నాను. బాగేపల్లి సర్కారు ఆసుపత్రిలో డాక్టరును నేనే. పరగోడు నుంచి, సరిహద్దు అవతల అనంతపురం వైపు పల్లెల నుంచి కూడా జనం కడుపు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. అందరినీ బల్ల మీద పడుకోబెట్టి చూశాను. ఆమె ఒక్కదాన్ని చూడలేదు.

ఆమె మా అన్న భార్య. మా అన్న ఊరి గుడిలో అర్చకుడు. అమ్మ పోయినప్పుడు నాకింకా పాలపళ్ళు ఊడలేదు. అప్పటికి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాని వదినమ్మ నాకు తలంటి, అన్నం పెట్టి, చింతామణి బడికి పంపింది. ఆమెకు పిల్లలు కలగలేదు. నేను బెంగుళూరులో వైద్యం చదువుతానంటే మా అన్న ఒప్పుకోలేదు. అర్చకుల ఇంటి పిల్లవాడు అందరి ఒళ్ళూ ముట్టుకోవడమేమిటని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమే నచ్చజెప్పింది. "బావి పెరట్లోనే ఉండాది గదా. ముట్టుకొనొస్తాడు, నీళ్ళు పోసుకుంటాడు. దానికింత రచ్చ యాల?" అంది.

ఆ మాటే మా ఇంటి చట్టమైంది. ఆసుపత్రి నుంచి వీధి వాకిట్లోకి కాదు, పెరటి దారిన రావాలి. బట్టలు బావి పళ్ళెంలో విడిచి, తలమీద నీళ్ళు పోసుకుని, ఆరిన పంచె కట్టుకున్నాకే గడప దాటాలి. వదినమ్మ అప్పటికి మడి కట్టుకుని వంటింట్లో ఉండేది. ఆమె వండిందే గుడికి నైవేద్యంగా వెళ్ళేది. నేను స్నానం చేసినా సరే, ఆమె మడిలో ఉండగా తాకకూడదు. నన్ను చూడగానే ఆమె లోపలినుంచి కేకవేసేది.

"డాక్టరప్పా, ఆడే నిలబడు. ఈ పొద్దు ఎవరెవర్ని మోసుకొచ్చినావో ఏమో!"

నేను నవ్వుతూ నీళ్ళు తోడుకునేవాణ్ణి.

నాది మంచి హస్తవాసి అని పేరు. ఆ పేరు చింతామణిలో పని చేసినప్పుడు వచ్చింది. గొర్రెలు కాసే ఇంటి ఆడమనిషి ఒకామెకు కుడి డొక్క కింద బొప్పిలా గడ్డ లేచింది. కాలేయంలో చీము పట్టిందని, సూది గుచ్చి తీయాలని నా పైడాక్టరు అన్నాడు. నేను ఆమెను పడుకోబెట్టి చాలాసేపు చూశాను. జ్వరం లేదు. గడ్డ ఎన్నో ఏళ్ళది. నొక్కితే నీళ్ళు నింపిన తోలుతిత్తిలా వేలిని తిరిగి నెట్టింది. ఇంటి నిండా మంద కుక్కలని ఆమె మాటల్లోనే తెలిసింది. కుక్కల నుంచి గొర్రెలకు, ఒక్కోసారి మనిషికి సోకి లోపల తిత్తిలా పెరిగే జబ్బు ఒకటుందని చదువుకున్నాను. దానికి సూది గుచ్చితే లోపలి నీరు ఒళ్ళంతా విషంలా పాకి మనిషి చావవచ్చు. గుచ్చవద్దని పట్టుబట్టాను. ఆమెను బెంగుళూరు పంపితే అక్కడి సర్జన్ కోసి చూసి, నేను చెప్పిందే నిజమన్నాడు. ఆమె బతికింది.

ఆ కథ నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బాగేపల్లికి బదిలీ అయి వచ్చాక కూడా, ఎవరైనా చుట్టం భోజనానికి కూర్చుంటే చాలు, ఆ తిత్తి మా విస్తళ్ళ మధ్యకు వచ్చేది. మా అన్న ముఖం చిట్లించేవాడు. వదినమ్మ మాత్రం చారు గిన్నెతో నిలబడి వినేది. మధ్యలో అడిగేది.

"ఆ గొర్రెలామెకు ఆకలి అవుతుండెనా అప్పా?"

"అవుతుండె. రెండు ముద్దలకే కడుపు నిండినట్లుంటాదని చెప్పె."

"పక్కకు తిరిగి పండుకుంటే లోపల ఏమన్నా ఒరిగినట్లుండెనా?"

"నువ్వే డాక్టరు చదవాల్సింది వదినమ్మా! భలే అడుగుతాండావు."

ఆమె అడిగింది తన కడుపు గురించి. నేను జవాబు చెప్పింది నా గొప్ప గురించి.

మొదట నా భార్య కనిపెట్టింది. వదినమ్మకు వీపు రుద్ది నీళ్ళు పోసి వచ్చి, నాతో చాటుగా అంది. "అక్క చేతులు చూడండి, పుల్లలైపోయినాయి. కడుపు మాత్రం ఎడమ పక్క ఎత్తుగా ఉండాది. ఒకసారి చూడరాదా?"

"ఆ వయసులో ఆడవాళ్ళకు అట్లే ఉంటాది. వాయువు" అన్నాను.

"చూడకుండానే చెప్తాండారే!"

"ఆమె మడిలో ఉంటే ఎట్ల చూడను?"

ఆ మాట నిజం కూడా. నేను ఇంట్లో ఉన్న వేళ ఆమె మడిలో ఉండేది. ఆమె మడి విడిచే వేళకు నేను రోగుల ఇళ్ళకు వెళ్ళేవాణ్ణి. అయితే అది సాకు. అసలు సంగతి నాకు సిగ్గు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషిని పడుకోబెట్టి, చీర జరిపి, కడుపు మీద చెయ్యి వేయడమంటే నాకు మనసు రాలేదు. ఆ సిగ్గుకు మర్యాద అని పేరు పెట్టుకున్నాను. ఆచారం నాకు అడ్డంగా నిలబడిందని కొన్నేళ్ళు చెప్పుకున్నాను. నేనే దాని వెనక నిలబడ్డాను.

చూడకుండానే మందు మాత్రం ఇచ్చాను. ఆసుపత్రిలో కలిపిన మందునీళ్ళు ఆమె తాగదు. పొడి అయితే దోషం లేదు. అందుకని సోడా పొడి పొట్లాలు కట్టి తెచ్చి, వంటింటి గడప మీద పెట్టేవాణ్ణి. "నీళ్ళు తగల్లేదు గదా?" అని అడిగి, తడి చేతితో కాక కొంగుతో పట్టుకుని తీసుకునేది. పొద్దున్నే బావి నీళ్ళలో కలుపుకుని తాగేది. "కొంచెం తేలిగ్గా ఉండాదప్పా" అనేది. నన్ను సంతోషపెట్టడానికి అనేదని ఇప్పుడు తెలుసు.

అలా రెండేళ్ళు. యుద్ధం మొదలై క్వినైను దొరకడం కష్టమైంది. ఆసుపత్రి ముందు జ్వరాలవాళ్ళు బారులు తీరేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఎడమ డొక్కలో జ్వరగడ్డ ఉండేది. చలిజ్వరం ముదిరి ప్లీహం ఉబ్బితే దాన్ని మావైపు అలా అంటారు. రోజంతా ఎడమ డొక్కలు తడిమి ఇంటికి వచ్చేవాణ్ణి. ఇంట్లో ఒక ఎడమ డొక్క నాకు అన్నం వడ్డించేది.

చింతామణిలో మా దాయాది ఒకాయన పోయాడు. దూరపు మనిషి. ఆయనకూ మాకూ పాత పొలం తగాదా ఉండి రాకపోకలు లేవు. అయినా వంశం ఒకటే కనుక మాకు పది రోజుల మైల. ఆ పది రోజులూ మా అన్న గుడికి పోకూడదు. వేరే అర్చకుడు వచ్చి పూజ చేసుకుంటాడు. మా ఇంటి నైవేద్యం గుడికి పనికిరాదు కనుక వదినమ్మకు మడి వంట లేదు. ఇల్లంతా ఒకే మైల. ఒకరినొకరు తాకితే కొత్తగా చెడేదేమీ లేదు.

రెండో రోజో మూడో రోజో, పట్టపగలు, వదినమ్మ నడవలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వంటింటి బయట ఆమె అలా ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూసి ఉండలేదు. మామూలు చీర కట్టింది. మడి చీర మడతల్లో దాగిందంతా దాంట్లో దాగలేదు.

నా భార్య నా ముందుకొచ్చి నిలబడింది. "ఇప్పుడు చూడండి. ఇంక అడ్డమేముండాది?"

నేను మా అన్న వైపు చూశాను. ఆయన అరుగు మీదినుంచి, తల తిప్పకుండానే, "చూడు" అన్నాడు.

వదినమ్మ నవ్వింది. "ఆయప్ప పోయి నాకు మేలు చేసినాడు చూడు. బతికుండగా ఒక దోసకాయ కూడా పంపలేదు."

చాప పరిచి పడుకోబెట్టాం. చెయ్యి వేశాను. ఒక్క క్షణం చాలు, అది వాయువు కాదని తెలియడానికి. ఎడమ డొక్క కింద మొదలై బొడ్డు దాటి తుంటి దాకా దిగిన పెద్ద గడ్డ. ప్లీహం ఉబ్బితే దానికొక పదునైన అంచు, అంచులో ఒక నొక్కు చేతికి దొరుకుతాయి. ఇక్కడ అంచు లేదు. బాగా పిసికిన పిండిముద్దలా ఉంది, దాని వెనక్కు నా వేళ్ళు పోలేదు. నీరు చేరిందేమోనని ఒక వేలు ఆనించి, దాని మీద ఇంకో వేలితో తట్టి చూశాను. నీరైతే పక్కకు తిప్పినప్పుడు మొద్దు శబ్దం చోటు మారుతుంది. ఆమెను తిప్పాను. మారలేదు. పేగుల బోలు శబ్దం అంతా కుడివైపుకు నెట్టుకుపోయి ఉంది. పేగుల వెనక, వెన్ను దగ్గర పుట్టి ముందుకు పెరిగిన గడ్డ. అలాంటిదాన్ని నేను అప్పటివరకు చూడలేదు. చూడగానే ఇదేమిటో చెప్పగలను అని నాలో ఎక్కడో ఒక ఉత్సాహం లేచింది. అది కూడా దాచను.

"ఆ గొర్రెలామె మాదిరేనా అప్పా?" అని అడిగింది.

అప్పుడు అర్థమైంది, చారు గిన్నెతో నిలబడి ఆమె అడిగినదంతా.

"అట్లాంటిది కాదు వదినమ్మా. కానీ కోసి తీయాలేమో. చిక్కబళ్ళాపురం పోదాం."

మా అన్న లేచి లోపలికి వచ్చాడు. "ఎన్నాళ్ళ నుంచి ఉండాది?"

"రెండేళ్ళయ్యుంటాది."

"నువ్వు యాడుంటివిరా ఈ రెండేళ్ళు? ఈ ఇంట్లోనే గదరా ఉంటివి!"

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు. నేను మైల అనో, మడి అనో, ఏదో ఒకటి చెప్పబోయాను. ఆయన నా ముఖం చూసి, కండువా భుజాన వేసుకుని మళ్ళీ అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

మైల తీరకముందే బయలుదేరాం. మైలలో ఊరు దాటడం మేం పుట్టిన దగ్గర్నుంచి ఉన్న పద్ధతులకు ఎంతమాత్రం సరిపడదని ఊళ్ళో అన్నవాళ్ళు లేకపోలేదు. మా అన్న ఎవరికీ జవాబివ్వలేదు. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచే రోజులవి. వెనకాల కొలిమిలాంటి డబ్బా, మిట్ట వచ్చిందంటే దిగి తోయమనేవాళ్ళు. పేరేసంద్ర దగ్గర మగవాళ్ళమంతా దిగాం. వదినమ్మ పక్కన కూర్చున్న ముసలామె ఆమె కడుపు వైపు చూసి, ప్రేమగానే, "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది.

"నెలలు కాదమ్మా, ఏండ్లు" అంది వదినమ్మ. ముసలామె నోరు తెరిచి చూసింది. కిటికీ కింద నిలబడి బస్సును తోస్తున్న నేను ఆ మాట విన్నాను.

చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఒక దొరసాని. చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉండి కన్నడం బాగా మాట్లాడేది. వదినమ్మను పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ నావైపు తిరిగింది. "మొదలు యారు నోడిదరు?" అంది. మొదట ఎవరు చూశారని. ఇంత కాలం ఏం మందు ఇచ్చారు, ఎవరిచ్చారు అని.

నేను డాక్టరునని అప్పటికే చెప్పుకుని ఉన్నాను. చింతామణి తిత్తి కథ కూడా ఆమె విని ఉందేమో, ఆ చుట్టుపక్కల డాక్టర్లందరికీ తెలిసిన కథే.

"ఊళ్ళో ఎవరో పొడులిచ్చారు" అన్నాను.

వదినమ్మ బల్ల మీద పడుకుని ఉంది. ఆమెకు కన్నడం నాకంటే బాగా వచ్చు. తల తిప్పి నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆమె దొరసానితో, "తప్పు నాదేనమ్మా. నేనే ఎవరికీ చెప్పుకోలేదు" అని కన్నడంలో అంది.

ఆ పొడులు ఎవరో ఇచ్చారన్నానే, ఆ మాట, చూడకపోవడం కంటే పెద్ద తప్పు. చూడకపోవడానికి సిగ్గు ఉంది, ఆచారం ఉంది, మూర్ఖత్వం ఉంది. దీనికేమీ లేదు. నా పేరు ఒక్కటే ఉంది.

కోసిన రోజు మా అన్న వరండాలో గోడవైపు తిరిగి జపం చేసుకుంటూ కూర్చున్నాడు. ఆ ఆసుపత్రిలో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. లోపల చాలాసేపు పట్టింది. దొరసాని బయటికి వచ్చి నన్ను పిలిచి పళ్ళెంలో చూపించింది. పచ్చగా, నేతి గడ్డలాగా, ఒక పసిబిడ్డంత. కొవ్వు గడ్డ. పేగుల వెనక పుట్టి ఎడమ మూత్రపిండాన్ని చుట్టుకుపోయిందట, దాన్ని కూడా తీయాల్సి వచ్చిందట. ఇన్నేళ్ళలో ఇలాంటిది తనకిది రెండోదని చెప్పింది.

"అంతా వచ్చిందా?" అన్నాను.

"రాలేదు. వెన్ను దగ్గర అంటుకుపోయింది. చిన్నగా ఉన్నప్పుడు వచ్చి ఉంటే..." అని ఆగి, "మళ్ళీ పెరగవచ్చు. మీరు డాక్టరు కదా, చూస్తూ ఉండండి" అంది.

వదినమ్మ బతికి ఇంటికి వచ్చింది. మనిషి సగమైంది గానీ, కూర్చున్నా వచ్చే ఆయాసం పోయింది. కోసిన ఒళ్ళు మడికి పనికొస్తుందా అని ఆమెకు ఒకటే బెంగ. "అడిగేవాళ్ళుంటే నన్నడగమను" అన్నాడు మా అన్న. ఆమె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.

నేను నెలకొకసారి ఆమెను చూసేవాణ్ణి. ఎప్పుడు చూడాలన్నది ఆమే చెప్పింది. తెల్లవారగానే, ఆమె స్నానానికి పోకముందు. ఆ వేళ ఆమెకు మడి ఉండదు, నేను ఆసుపత్రికి పోయి ఉండను, మా అన్న గుడిలో ఉంటాడు. అంత సులువు. ఆ వేళ ప్రతిరోజూ ఉండేది. ఆ రెండేళ్ళలోనూ ప్రతిరోజూ ఉండేది.

కొన్నాళ్ళు చేతికి ఏమీ దొరకలేదు. యుద్ధం అయిపోయింది, బస్సులకు పెట్రోలు వచ్చింది. ఆ తరువాతి ధనుర్మాసంలో, మా అన్న చీకటితోనే గుడికి వెళ్ళాక, ఎప్పటిలా చాప పరిచాం. మచ్చకు కొంచెం పైన, లోతుగా, ఏదో మెత్తగా వేళ్ళకు అడ్డం వచ్చింది. నేను చెయ్యి కదపకుండా ఉండిపోయాను.

"ఉండాదా?" అంది.

లేదని అనడం నాకు చాలా తేలిక. ఎన్నో ఇళ్ళలో అన్నాను కూడా.

"ఉండాది వదినమ్మా."

ఆమె కాసేపు దూలం వైపు చూసింది. "మళ్ళీ కోయించుకునే ఓపిక నాకు లేదప్పా. మీ అన్నకు నువ్వు చెప్పొద్దు, నేను చెప్తా. పండగ పోనీ."

"ఒకసారి దొరసానిని అడిగొస్తా."

"అడుగు. అడిగితే తప్పేముండాది."

నేను ఇంక ఆపుకోలేకపోయాను. "అప్పుడు ఆమెతో, ఎవరో పొడులిచ్చినారని చెప్తిని..."

"చెప్తివి. విన్యాను గదా."

"నా పేరు చెప్పడానికి నాకు..."

"బాధైంది అప్పా" అంది. "నాకేమీ కాలేదని ఇన్నాళ్ళు అనుకుంటాంటివేమో. కడుపు కోసిందానికన్నా ఎక్కువ బాధైంది."

నేను తల వంచుకున్నాను. క్షమించానని ఆమె అనలేదు. అంటుందని ఎదురు చూశానని ఒప్పుకుంటున్నాను. వంటింట్లో నా భార్య పొయ్యి రాజేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"సరే, ఎంత మేర ఉండాదో సరిగ్గా చూసినావా? ఊరికే తాకి ఉండాదంటే సరిపోతాదా, దొరసాని అడిగితే ఏం చెప్తావు?" అంది. "చెయ్యి మంచుగడ్డ మాదిరుండాది. కాచుకొనిరా పో."

లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గర రెండు చేతులూ కాచుకుని వచ్చి, డొక్క దగ్గర మొదలుపెట్టి మళ్ళీ చూశాను.